కుందేలు కాళ్లు మళ్లీ లెక్కపెట్టండి

మా ఇంటికీ బాబాయి ఇంటికీ మధ్య దడి పక్కన ఒక కొబ్బరిచెట్టు ఉండేది. మొదలు మా దొడ్లో, తల వాళ్ల దొడ్లో. నిటారుగా పెరిగి ఉంటే ఏ గొడవా లేకపోను. అమలాపురం దగ్గర మా ఊళ్లో చెట్లు గాలి ఎటు వంచితే అటు వంగుతాయి, ఇది అటు వంగింది. దింపు తీయించిన ప్రతిసారీ కాయలు బాబాయి వాళ్ల వైపు పడేవి. మొదలు మాది కాబట్టి కాయ మాదేనని నాన్న. నా నెత్తిన పడే కాయ నాది కాక ఎవరిదని బాబాయి. ముందు కాయల లెక్కగా మొదలైన తగువు కొన్నాళ్లకు దడి లెక్క అయింది, ఆ తర్వాత పెళ్లి పిలుపుల లెక్క అయింది. ఎవరి శుభలేఖ ఎవరికి ముందు వెళ్లింది, ఎవరు భోజనం దాకా ఉన్నారు, ఎవరు అక్షింతలు వేసి వెళ్లిపోయారు, అన్నీ ఇద్దరి దగ్గరా లెక్కలున్నాయి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. తెల్లారి దొడ్లోకి వెళ్తే ఆ చెట్టు వేళ్లతో సహా లేచి, దడి మీదుగా బాబాయి వాళ్ల నూతి దాకా పడి ఉంది. నాన్న దాన్ని చూశాడు. అటువైపు నుంచి బాబాయీ చూశాడు. ఊరంతా ఒకరినొకరు పలకరించుకుంటున్న ఆ పూట కూడా ఇద్దరూ ఎవరింట్లోకి వాళ్లు వెళ్లిపోయారు. చెట్టు పోయిన పదమూడేళ్లకు, 2009లో నాన్న పోయాడు. ఆ రోజు బాబాయి వచ్చి వీధి అరుగు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. రమ్మని నేనూ అనలేదు. పంపకాల్లో నాకు ఇల్లూ దొడ్డీతో పాటు ఆ పంతం కూడా వచ్చింది.

ఇక్కడ ఆపేస్తే మా నాన్న వట్టి మొండిమనిషి అనుకుంటారు. ఆయన ఎలిమెంటరీ స్కూల్ మాస్టారు. బడికి రాని పిల్లల్ని వచ్చినట్టు హాజరుపట్టీలో చూపించమని పైనుంచి ఒత్తిడి వస్తే ఒప్పుకోలేదు. మూడేళ్లలో మూడు ఊళ్లు తిప్పారు. ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లాడే గాని సంతకం పెట్టలేదు. హాజరుపట్టీ పట్టుకున్న చెయ్యీ, కొబ్బరిచెట్టు పట్టుకున్న చెయ్యీ ఒకటే. మొదటిదాన్ని దృఢత్వం అంటాం, రెండోదాన్ని మొండితనం అంటాం. ఆయన్ని అడిగి ఉంటే రెండూ న్యాయం కోసమే అనేవాడు. అబద్ధం ఆడుతున్నాడనీ అనలేం. లోపలినుంచి చూసుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి: అదే బిగువు, అదే నిద్రలేమి, నలుగురూ ఒకవైపు నేను ఒకవైపు అన్న అదే గర్వం. కాబట్టి మనసును అడిగి తేల్చుకుందామంటే కుదరదు. మనసు ఈ కేసులో కక్షిదారు, జడ్జీ పని దానికి అప్పగించకూడదు.

మన భాషలో ఈ గుణానికి పేర్లకు కొదవలేదు. పట్టుదల, పంతం, బెట్టు, మంకుపట్టు, జిద్దు, మొండితనం. కొడుకు ఇంజినీరింగ్ సీటు కోసం రెండోసారి పరీక్ష రాస్తానంటే 'మావాడికి పట్టుదల ఎక్కువండీ' అంటాం. కూతురు ఈ సంబంధం వద్దు, ఇంకో ఏడాది చదువుకుంటానంటే 'మొండిఘటం' అంటాం. ఇద్దరూ చేసింది ఒకటే పని. పేరు పెట్టేవాడికి ఏది సౌకర్యమో ఆ పేరు పడుతుంది. మిమ్మల్ని చిన్నప్పటినుంచీ ఎవరైనా మొండి అంటూ వచ్చి ఉంటే, ఆ మాట అన్నది ఎవరో, మీరు ఒప్పుకోకపోవడం వల్ల వాళ్లకు ఆగిపోయిన పనేమిటో ఒకసారి గుర్తు చేసుకోండి.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే మాట భీష్మించడం. 'భీష్మించుకుని కూర్చున్నాడు' అంటే ఎవరు చెప్పినా వినకుండా కదలక మెదలక కూర్చున్నాడని. ఆ అనడంలో కాస్త విసుగుంటుంది. అదే 'భీష్మ ప్రతిజ్ఞ' అన్నప్పుడు గొంతులో గౌరవం పలుకుతుంది. ఒకే మనిషి పేరుతో తెలుగువాళ్లు మెప్పూ చేశారు, విసుగూ చేశారు. మహాభారతం చదివితే ఆ రెండూ ఆయనకు తగినవేనని తెలుస్తుంది. సత్యవతి తండ్రి, తన కూతురి బిడ్డలకే రాజ్యం దక్కాలని షరతు పెట్టాడు. తండ్రి శంతనుడి పెళ్లి జరగడం కోసం దేవవ్రతుడు, అంటే మన భీష్ముడే, రాజ్యం వద్దన్నాడు, తన పిల్లలు రేపు పోటీకి రాకుండా అసలు పెళ్లే వద్దన్నాడు. అక్కడికి అది దృఢత్వమే. కాని తర్వాత శంతనుడు పోయాడు. సత్యవతి కొడుకులిద్దరూ పిల్లలు లేకుండానే పోయారు. ఎవరి వారసత్వం కోసం ఆ ఒట్టు పుట్టిందో ఆ సత్యవతే వచ్చి, వంశం నిలబెట్టు నాయనా అని అడిగింది. ఒట్టు పెట్టించుకున్న పక్షమే విప్పుతానంటోంది. భీష్ముడు ఒప్పుకోలేదు. ఇక వ్యాసుణ్ణి పిలవాల్సి వచ్చింది, అక్కడినుంచి కథ కురుక్షేత్రం వైపు నడిచింది. ఆయన్ని తప్పు పట్టడానికి నేను సరిపోను, మాట తప్పనివాడి గొప్పతనం మాటతప్పనివాడిదే. అయినా మన పనికి వచ్చే ఒక సంగతి అందులో ఉంది. పట్టు అలాగే ఉంది, దాన్ని పుట్టించిన కారణం మాత్రం ఎప్పుడో చచ్చిపోయింది. మా కొబ్బరిచెట్టులాగా.

ఫైలు నేను కట్టింది

నేను ముప్పైమూడేళ్లు బ్యాంకులో పనిచేశాను, ఎక్కువ భాగం అప్పులిచ్చే సెక్షన్‌లో. వసూలుకాని అప్పును పత్రికల్లో 'మొండి బాకీ' అని రాస్తారు. బాకీకి మొండితనమేమిటి, మొండివాడు అప్పు తీసుకున్నవాడే కదా అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక ఐసు ఫ్యాక్టరీ ఆ అభిప్రాయం మార్చింది.

సముద్రం పక్కన చిన్న పట్నం. చేపలకూ రొయ్యలకూ ఐసు కావాలి, ఉన్న ఫ్యాక్టరీలు చాలడం లేదు, అప్పు అడిగిన కుర్రవాడు చురుకైనవాడు. లోను నేనే రాశాను, పైఆఫీసుతో కొట్లాడి మంజూరు చేయించాను. రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత పక్కన ఇంకో రెండు ఫ్యాక్టరీలు వచ్చాయి, కరెంటు బిల్లులు పెరిగాయి, వాయిదాలు ఆగాయి. అప్పటికి నిబంధన స్పష్టంగా ఉంది: తొంభై రోజులు దాటి వాయిదా కట్టకపోతే ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా చూపాలి. నేను చూపలేదు. కొత్తగా కొంత లిమిట్ పెంచి, ఆ డబ్బుతో పాత వాయిదాలు కట్టించాను. తనిఖీకి వెళ్లినప్పుడు గుమ్మంలోనే ఏదో తేడా తెలిసింది. ఐసు ఫ్యాక్టరీలో అడుగుపెడితే అమ్మోనియా వాసన ముక్కుకు తగలాలి. తగల్లేదు. ఉప్పునీటి తొట్టి ఎండి, అంచుల వెంట తుప్పు పొరలు లేచి ఉన్నాయి. రేకు డబ్బాలు బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చారు, వాటిమధ్య ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. నేను తిరిగొచ్చి తనిఖీ రిపోర్టులో 'ఉత్పత్తి తాత్కాలికంగా నిలిపివేయబడింది' అని రాశాను. అంతకుముందు రెండు రిపోర్టుల్లోనూ 'తాత్కాలికంగా' అన్న మాట ఉంది.

ఆ కుర్రవాడు నన్ను మోసం చేయలేదు. 'సార్, ఇక నావల్ల కాదు, అమ్మేసి కట్టేస్తాను' అని వాడే అన్నాడు. వద్దన్నది నేను. ఇంకో సీజన్ చూద్దామన్నాను.

మరుసటి ఏడాది నాకు బదిలీ అయింది. నా స్థానంలో వచ్చిన మేనేజరుకు ఆ ఫైలు తేల్చడానికి ఒక పూట పట్టింది. నాకంటే తెలివైనవాడు కాబట్టి కాదు, ఆ ఫైలు ఆయన కట్టింది కాదు కాబట్టి. చాలా ఏళ్ల తర్వాత నాకు ఒక పరిశోధన కంటపడింది. బారీ స్టా, మరో ఇద్దరు పరిశోధకులు 1997లో ప్రచురించారు. కాలిఫోర్నియాలో 132 బ్యాంకుల లెక్కలను తొమ్మిదేళ్ల పాటు గమనించారు. పెద్ద అధికారులు మారిన చోట్ల మునిగిన అప్పులను మునిగినట్టు ఒప్పుకోవడం, రద్దు చేయడం ఎక్కువగా కనిపించిందట. అప్పు ఇచ్చినవాడు కుర్చీలో ఉన్నంతకాలం అది 'తాత్కాలికం'గానే ఉంటుంది. అది చదివిన రోజు నాకు కాస్త ఊరట కలిగింది, ఈ జబ్బు కాలిఫోర్నియాలోనూ ఉంది కదా అని. కాస్త సిగ్గూ వేసింది. ఐసు ఫ్యాక్టరీ బాకీలో మొండి ఎవరో అప్పటికి బాగా తెలిసిపోయింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సామెత. ఆ సామెతలో మనం గమనించని చమత్కారం ఒకటుంది. కుందేలు అతని చేతిలోనే ఉంది. లెక్కపెట్టడానికి ఒక్క క్షణం పడుతుంది. అయినా లెక్కపెట్టడు, వాదిస్తాడు. దృఢమైనవాడు కూడా కుందేలును వదలడు, అంత తేలిగ్గా ఎవరికీ ఇవ్వడు. కాని లెక్కపెట్టమంటే పెడతాడు. ఆ మాటకొస్తే ఎవరూ అడగకుండానే అప్పుడప్పుడు పెట్టుకుంటాడు.

కాటన్ దొర రెండు పట్లు

గోదావరి జిల్లాల్లో పుట్టి ఈ విషయం మీద రాస్తూ కాటన్ దొరను తలుచుకోకపోతే ఊరివాళ్లు ఊరుకోరు. కాని నేను తలుచుకునేది పటానికి దండ వేయడం కోసం కాదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట అన్నప్పుడు ముందొచ్చిన ప్రశ్న పునాది గురించి. ఏటి అడుగున ఉన్నది ఇసుక. అంత వెడల్పు నదికి ఇసుక మీద రాళ్లు పేరిస్తే వరదకు నిలుస్తాయా? కాటన్ దగ్గర దానికి సమాధానం ఉంది. అది ఇంగ్లండునుంచి తెచ్చుకున్నది కాదు. కావేరి మీద వందల ఏళ్లనుంచి నిలబడి ఉన్న కల్లణై ఆనకట్టను చూసి, ఇసుక మీద రాళ్లు ఎలా నిలుస్తాయో నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాన్ని 1836 నాటికే కావేరి పాయ కొల్లిడం మీద కట్టి చూశాడు. అందుకే గోదావరి దగ్గర పైవాళ్లు ఖర్చన్నా, అనుమానమన్నా వెనక్కి తగ్గలేదు. 1847లో పని మొదలైంది. మరుసటి ఏడాదే ఆరోగ్యం దెబ్బతిని ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. పనిని కెప్టెన్ ఓర్ చేతిలో పెట్టి వెళ్లాడు, 1850లో తిరిగొచ్చాడు, 1852లో ఆనకట్ట పూర్తయింది. నాకు ఆ మధ్యలో వెళ్లిపోవడం ముఖ్యంగా కనిపిస్తుంది. మొండివాడు పనిని ఇంకొకరి చేతిలో పెట్టలేడు, ఎందుకంటే అతను పట్టుకున్నది పనిని కాదు, తనను తానే.

ఇదే కాటన్ ఇంకో పట్టు పట్టాడు. ఈ దేశానికి రైళ్లు దండగ, పడవలు నడిచే పెద్ద కాలువలతో దేశమంతా కలపాలని. ఆ ఊపులోనే తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కాలువ పని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేతికి వెళ్లింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి సర్కారు అయిదు శాతం వడ్డీ హామీ ఇచ్చింది. నీళ్లొస్తే రైతులు డబ్బిచ్చి కొనుక్కుంటారని లెక్క. కాని ఆ దారిలో చాలా భాగం నల్లరేగడి నేల. వానకు పదునెక్కి జొన్న, పత్తి పండే నేలకు డబ్బుపోసి నీళ్లు పెట్టడానికి రైతు ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది, 1882లో కాలువను సర్కారే కొనుక్కోవాల్సి వచ్చింది. ఈలోగా 1878లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని కాటన్ అదే కాలువల వాదన వినిపించాడు. అప్పటికి పట్టాలు దేశం నాలుగు మూలలకూ వెళ్లిపోయాయి.

న్యాయం చెప్పాలంటే, కరువుకు రైలు ముందా నీరు ముందా అన్న ఆయన ప్రశ్న ఇవాళ్టికీ కొట్టిపారేయదగింది కాదు. ఆ కాలువ, ఇవాళ కేసీ కాలువ అంటున్నది, ఇప్పటికీ కర్నూలు, కడప సీమలో పారుతోంది, దాని కింద పంట పండుతోంది. నేనంటున్నది ఒక్కటే. గోదావరి దగ్గర ఆయన ముందు కావేరిని అడిగాడు. తుంగభద్ర దగ్గర నల్లరేగడి రైతును అడిగిన జాడ కనిపించదు.

గెలిచినవాడిది పట్టుదల, ఓడినవాడిది మొండితనం అని తేల్చేయడం చాలామందికి అలవాటు. చీరాల సంగతి చూడండి. చీరాల పేరాల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లకు తాళాలు వేసి ఊరవతల రామనగరం అని పేరు పెట్టుకున్న పాకల్లోకి వెళ్లిపోయారు. ఎండా వానా అన్నీ అక్కడే, దాదాపు పదకొండు నెలలు. నాయకుడు జైలుకెళ్లాడు, చివరికి జనం తిరిగి ఇళ్లకు వచ్చేశారు. ఆ రోజు లెక్కలో అది ఓటమే. కాని వాళ్లు ఎందుకు వెళ్లారో వాళ్లలో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఎంత పోగొట్టుకుంటారో ముందే తెలుసు. దాన్ని మొండితనం అనడానికి నాకు నోరు రాదు.

అవతలివాళ్ల మొండితనం

ఇప్పటిదాకా మన సంగతి. ఇంట్లో ఇంకొకరు భీష్మించినప్పుడు ఏం చేయాలి? ఇక్కడ కూడా నా తప్పునే చెబుతాను.

మా అమ్మకు చెవుడు వచ్చింది. మంచి చెవిమిషను కొన్నాం. వారం రోజులు పెట్టుకుంది, తర్వాత డబ్బాతో సహా బీరువాలో పెట్టి తాళం వేసింది. 'అమ్మా, పెట్టుకోవే' అంటే 'నాకు బాగానే వినపడుతోందిరా' అంటుంది. నేను గట్టిగా అరిచి చెప్పాలి, ఆమెకు బాగానే వినపడుతోందని. రెండేళ్లు ఇదే వరస. డాక్టరు చేత చెప్పించాను, మేనమామ చేత చెప్పించాను. నేను ఎంత గట్టిగా చెబితే ఆమె అంత గట్టిగా బిగుసుకుంది. మనిషికి తన ఇష్టం మీద ఎవరో చెయ్యి వేస్తున్నారనిపిస్తే, ఆ చెప్పినది మంచిదైనా సరే ఎదురు తిరుగుతాడని జాక్ బ్రెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లోనే సిద్ధాంతం చేశాడు. దానికి అంత దూరం వెళ్లక్కర్లేదు, ఎద్దు మెడ మీద కాడి పెట్టిన ఏ రైతును అడిగినా చెబుతాడు.

ఒక సెలవులకు మా మనవరాలు వచ్చింది, పదేళ్ల పిల్ల. బీరువా తీసినప్పుడు ఆ డబ్బా చూసి, 'మామ్మా, ఇది పెట్టుకుంటే ఏం వినపడుతుంది?' అని అడిగింది. రెండేళ్లలో మేమెవ్వరం అడగని ప్రశ్న.

'అన్నీ వినపడతాయే, అదే బాధ' అంది అమ్మ. 'కుళాయి విప్పితే చెవిలో వాన పడుతుంది. మీ అమ్మమ్మ గిన్నె దింపితే గుండె జారిపోతుంది. నలుగురు మాట్లాడారా, అందరివీ కలిసి సంతలో ఉన్నట్టుంటుంది. అందులో నాక్కావలసిన మాట ఒక్కటీ ఉండదు.'

మర్నాడు మిషను కొన్నచోటికి తీసుకెళ్లాం. అక్కడి అమ్మాయి కంప్యూటరుకు తగిలించి, గిన్నెల చప్పుడులాంటి పదునైన శబ్దాలు తగ్గించింది. ఏళ్ల తరబడి వినని చప్పుళ్లకు మెదడు మళ్లీ అలవాటు పడాలి కాబట్టి మొదట్లో రోజూ రెండు గంటలే పెట్టుకోమంది. అరగంట పని. మా అమ్మ మొండిది కాదు. ఆమె దగ్గర కారణం ఉంది, మా దగ్గర దానికి చెవి లేదు.

కాబట్టి ఎవరైనా భీష్మించినప్పుడు 'ఎందుకు ఒప్పుకోవు?' అని అడక్కండి. అది ప్రశ్నలా వినపడదు, నిలదీసినట్టుంటుంది. 'ఒప్పుకుంటే ఏమవుతుంది?' అని అడగండి. చాలాసార్లు మీకు తెలియని కుళాయి ఒకటి బయటపడుతుంది. బయటపడనిచోట, అది నిజంగా వట్టి పంతమే అయినచోట, దిగిరావడానికి ఒక మెట్టు మీరే వేయండి. పంతం పట్టినవాడికి ఓటమి కంటే, నలుగురిలో ఓడినట్టు కనబడటం ఎక్కువ బాధ. బ్యాంకులో రాజీ కుదిర్చేటప్పుడు మాకు తెలిసిన కిటుకు ఇదే. ఆఖరున ఒక చిన్న రాయితీ మిగిల్చి పెట్టుకునేవాళ్లం. అవతలివాడు దాన్ని గెలుచుకుని, మీసం తిప్పుకుంటూ సంతకం పెట్టేవాడు.

చీటీ

ఇక మీరు చేయవలసిన పని. ఒక చిన్న కాగితం తీసుకోండి. ఇప్పుడు మీరు పట్టుకుని ఉన్న ఒక పట్టును దాని మీద రాయండి. పెద్దదే కానక్కర్లేదు. ఆ అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించి తీరాలనో, కొడుకు ఆ కోర్సే చదవాలనో, ఫలానా పెళ్లికి వెళ్లేది లేదనో. దాని కింద, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. రెండో వాక్యం అవసరమైతే మీ కారణం ఇంకా తేలలేదన్నమాట. ఆ కింద, ఏం జరిగితే వదిలేస్తారో రాయండి. తారీఖు వేసి, కరెంటు బిల్లులు పెట్టే చోట పెట్టండి.

ఆ వదిలే షరతు దగ్గరే చాలామంది పెన్ను ఆగుతుంది. 'ఏం జరిగినా వదలను' అని రాయాలనిపిస్తుంది. నిజంగా అలాంటివి కొన్ని ఉంటాయి, మా నాన్న హాజరుపట్టీ అలాంటిది. అబద్ధపు సంతకం పెట్టను అనడానికి గడువు అక్కర్లేదు. అలాంటివి మనిషికి మహా అయితే అయిదో ఆరో ఉంటాయి. మీ జాబితాలో అవి పాతిక దాటితే అనుమానించండి. డబ్బు, వ్యాపారం, చదువు, ఇల్లు, ఇరుగుపొరుగు, వీటిలో దేనికైనా వదిలే షరతు ఉండి తీరాలి. నేను ఐసు ఫ్యాక్టరీకి లోను ఇచ్చిన రోజే 'రెండు వరస సీజన్లలో ఉత్పత్తి సగానికి పడితే అమ్మించాలి' అని రాసిపెట్టుకుని ఉంటే, తాత్కాలికం అన్న మాట మూడుసార్లు రాసేవాణ్ణి కాదు. షరతు ముందే రాయాలి. కష్టంలో ఉన్నప్పుడు రాసే షరతు మనకు కావలసినట్టే వస్తుంది.

మూడు నెలలకోసారి ఆ చీటీ తీసి చూడండి. కారణం బతికుందా లేదా అన్నదొక్కటే చూడాలి. వీలైతే ఇంకొకరి చేత చూపించండి, ఆ పట్టుతో లాభనష్టాలు లేనివాళ్లతో. భార్యాభర్తలు ఒకరిది ఒకరు చూసుకోవచ్చు గాని, ఆ పూట వంట సంగతి ముందే చూసుకోండి.

వదలకూడనిది వదలకుండా ఎలా ఉండాలన్నది ఇంకో పాఠం. దాన్ని ఒక్క ఉదాహరణతో ముగిస్తాను. మా ఆవిడ తమ్ముడు వ్యాపారానికి అప్పు తీసుకుంటూ నన్ను హామీ సంతకం అడిగాడు. హామీదారు అంటే సాక్షి అని చాలామంది అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. బ్యాంకు ముందు అతన్నే అడగాలన్న నియమం కూడా లేదు. నేను రోజూ ఇతరులకు చెప్పే మాటే అది. 'బావగారూ, ఒక్క సంతకమే కదా' అన్నాడు. 'సంతకం పెట్టను. నా చేతనైన డబ్బు ఇస్తాను, తిరిగి ఇవ్వకపోయినా అడగను' అన్నాను. అతను నాలుగు రకాలుగా అడిగాడు, నేను నాలుగుసార్లూ అదే వాక్యం చెప్పాను. ఇంట్లో పరిస్థితి బాగాలేదనీ, రిటైరయ్యేలోపు కుదరదనీ కొత్త కారణాలు కలపలేదు. ప్రతి కొత్త కారణం అవతలివాడికి పట్టుకోవడానికి ఒక కొమ్మ. గొంతు పెంచలేదు కూడా. దృఢత్వానికి గొంతు అక్కర్లేదు. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

ఈ అధ్యాయం రాయడం మొదలుపెట్టాక నేనూ ఒక చీటీ రాయాల్సి వచ్చింది, పాఠకులకు చెప్పి నేను చేయకపోతే బాగుండదు కదా. పట్టు: బాబాయితో మాట్లాడను. ఎందుకు: అని రాసి చాలాసేపు కూర్చున్నాను. చెట్టు అని రాద్దామంటే చెట్టు లేదు. నాన్న అని రాద్దామంటే నాన్న లేడు. కాగితం సగం ఖాళీగానే ఉండిపోయింది. మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాను. పిన్ని ఎత్తి, ఎవరో తెలిశాక ఏమీ అనకుండా ఆయన చేతికిచ్చింది. ఆయనకిప్పుడు ఎనభై ఆరు. ఆరోగ్యాలూ వానలూ కొబ్బరి ధరలూ అయ్యాయి. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. చివరికి నేనే చెట్టు మాట ఎత్తాను.

'ఏ చెట్టురా?' అన్నాడు. కాసేపాగి, 'ఆ, అదా. దాని కాయ మా ఇంట్లో ఎవరూ తినేవాళ్లు కాదురా అబ్బాయ్. నీళ్లు చప్పగా ఉండేవి' అన్నాడు.